రెండు వేళ్ళ సందు

నాకు స్కూటీ రాదు. రెండుసార్లు నేర్చుకోబోయి రెండుసార్లూ పడ్డాను. రెండోసారి మోకాలు వాచి నెల రోజులు మెట్లెక్కలేకపోయాను. అందుకే నరసరావుపేట నుంచి రొంపిచెర్ల వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు బదిలీ అయినప్పుడు, కొన్నాళ్ళు ఆటోల కోసం నిలబడి నిలబడి విసుగెత్తి, చివరికి సైకిలు కొనుక్కున్నాను. హైస్కూల్లో తొక్కిన అలవాటు ఎక్కడికీ పోలేదు. ముందు బుట్ట, వెనక చిన్న క్యారియరు, ముదురు ఎరుపు రంగు. పొద్దున్నే ఊరు దాటి పొలాల మధ్య పడితే, పంతులమ్మనన్న సంగతి కూడా మర్చిపోయేదాన్ని.

ఒకటే ఇబ్బంది. ఆ సైకిలుకి కంపెనీ వాళ్ళు పెట్టిన మడ్‌గార్డులు అరచెయ్యంత ప్లాస్టిక్ ముక్కలు. చక్రం దాదాపు అంతా బయటే ఉంటుంది. మా బడి ఊరికి కాస్త ఎడంగా, చేల మధ్య ఉంది. కాలువ తూము దాటాక బడిదాకా అర కిలోమీటరు మట్టిదారి, అంతా నల్లరేగడి. తొలకరి వాన పడిన రోజున నేను తరగతిలో బోర్డు వైపు తిరగ్గానే పిల్లలంతా కిసుక్కుమన్నారు. నడుం దగ్గర్నుంచి జడదాకా నా వీపు మీద నిట్టనిలువునా బురద చార. ఆ సాయంత్రమే సైకిలు షాపు ముందు ఆగాను.

ఆ షాపు ఊరు దాటే మలుపులో ఉంటుంది. షాపంటే రేకుల పంచ, ఒక చెక్కపెట్టె నిండా పానాలు, దూలానికి వేలాడే పాత టైర్లు. నడిపేది అరవై దాటిన పెద్దమనిషి. రోజూ నేను వెళ్ళే వేళకి పంచ ఊడ్చి నీళ్ళు చల్లుతూ ఉండేవాడు. గాలి కొట్టించుకోవడానికి ఆగి ఆగి నేనాయన్ని బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను. ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. టీచర్నని తెలిశాక కూడా నువ్వు అనే అనేవాడు. నాకది ఇష్టంగా ఉండేది.

చక్రాన్ని సగానికి పైగా కప్పే నిండు మడ్‌గార్డులు కావాలన్నాను. లోపలికి వెళ్ళి మూడు రకాలు తెచ్చి నా ముందు పరిచాడు. ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చూపించాడు.

"ఇది ప్లాస్టిక్కు. మన ఎండలకి పెళుసెక్కి పుటుక్కున ఇరుగుద్ది. ఇది పల్చ రేకు. చూడ్డానికి బాగుంటది గానీ గలగలమని ఒకటే మోత. ఇదుగో, ఇది పాతకాలం ఇనపది. బరువే. కానీ నువ్వు ముసిల్దానివయ్యేదాకా ఉంటది."

నేను పల్చ రేకుదే తీసుకున్నాను. దాని ఎరుపు నా సైకిలు ఎరుపుతో సరిగ్గా కలిసింది. ఆయన నవ్వి, "సరే, నీ ఇష్టం" అన్నాడు.

బిగించడానికి గంట పట్టింది. స్టూలు మీద కూర్చుని చూశాను. రేకు టైరు కంటే అటొక వేలు, ఇటొక వేలు వెడల్పు ఉందో లేదో మొదట చూసుకున్నాడు. పైన ఫోర్కు దగ్గర ఒక పట్టీతో తగిలించి, కింద ఇరుసు నుంచి రెండు పక్కలా సన్నటి కడ్డీలు తెచ్చి రేకుకి బిగించాడు. ప్రతిసారీ చక్రం గిర్రున తిప్పి, టైరుకీ రేకుకీ మధ్య చూపుడువేలూ మధ్యవేలూ జంటగా దూర్చి చూసేవాడు. వెనక రేకు చివర పాత ట్యూబు ముక్క కోసి తోకలా వేలాడదీశాడు.

"మరీ ఎత్తుగా ఉందేమో బాబాయ్" అన్నాను. ఫోనులో చూసిన బొమ్మల్లో మడ్‌గార్డు టైరుని అంటుకుని ఒంపు తిరిగి ఎంతో ముచ్చటగా ఉండేది. ఇది చక్రానికి గొడుగు పట్టినట్టుంది.

"అందం చూడమాక అమ్మాయ్. మన రేగడి సంగతి నీకు తెలవందేముంది? కాలికి పట్టుకుంటే చెప్పు అక్కడే వదిలేసి రావాల. సందులో మట్టి కూరుకుందనుకో, చక్రం తిరగదు. రెండు వేళ్ళ సందు ఉండాల్సిందే. దాన్ని మాత్రం కదిలిచ్చమాక."

అలాగేనని తలూపాను.

మర్నాడు బళ్ళో సైకిలు ఆపుతుంటే, మాతో పనిచేసే ఇంకో టీచరు తన స్కూటీ స్టాండు వేస్తూ, "ఏంది మేడమ్, సైకిలుకి గొడుగు పట్టిచ్చారు?" అంది. ఆమె మంచిదే. సరదాకే అంది. నేనూ నవ్వాను. కానీ నాకు తోచిన మాటే ఇంకొకరి నోటి నుంచి వచ్చేసరికి మనసులో గుచ్చుకుంది. దానికి తోడు మోత. నేను గేటు దరిదాపులకి రాగానే పిల్లలు ఆ చప్పుడు విని, "టీచరొస్తంది, టీచరొస్తంది" అని లోపలికి పరిగెత్తేవాళ్ళు.

ఆ ఆదివారం మా ఆయన బండి డిక్కీలోంచి పానా తీసుకుని వరండాలో కూర్చున్నాను. పెద్ద పనేం కాదు. ఫోర్కు దగ్గరి పట్టీని కిందికి జరిపాను. కడ్డీలు బిగించిన మరలు వదులు చేసి, వాటిని దాదాపు రెండు వేళ్ళ మేర లోపలికి తోశాను. మళ్ళీ బిగించాను. ఇప్పుడు రేకు టైరుని ఒరుసుకోకుండా సరిగ్గా దాని మీద వాలినట్టు కూర్చుంది. చిటికెనవేలు కూడా దూరదు. కాస్త దూరం నిలబడి చూసుకున్నాను. ఫోనులో బొమ్మలాగే ఉంది. మోత కూడా పోయింది. ముసలాయనకి పాతకాలం చాదస్తం అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నట్టు నాకిప్పటికీ గుర్తుంది.

రెండు వారాలు చినుకు లేదు. దుమ్ములో హాయిగా తిరిగాను.

మా బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. నూరుమందికి సాంబారు కలియబెట్టే ఆ చెయ్యి చూస్తే నాకు ముచ్చటేసేది. వాళ్ళాయన కంకర మిల్లులో పనిచేసేవాడు. పిల్లలు మా బళ్ళోనే చదివేవాళ్ళు. ఇంట్లో ఒక మేకని కన్నబిడ్డలా సాకేది.

ఆ రోజు నేను బడికి వచ్చాక వాన మొదలైంది. గంటసేపు దంచి కొట్టి వెలిసింది. పిల్లల భోజనాలయ్యాయి. గిన్నెలు కడుగుతున్న ఆమె, ఎవరో కబురు చెబితే చేతులు కొంగుకి తుడుచుకుంటూ నా తరగతి గుమ్మంలోకి వచ్చింది.

"టీచరమ్మా, ఒక్కసారి సైకిలియ్యండి. మా మేక ఈనతందంట. తొలి ఈత. ఇంటికాడ ఎవురూ లేరు. ఇట్టా పోయి అట్టా వచ్చేస్తా."

సంచిలోంచి తాళం తీసి ఇచ్చాను. ఇస్తూ ఉండగానే నాకు గుర్తొచ్చింది. దారంతా బురద. రేకు టైరు మీద వాలి ఉంది. "అక్కా, తూము దాకా నడిపించుకుని పో" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదే క్షణంలో వెనక బెంచీలో ఇద్దరు పలక కోసం జుట్లు పట్టుకున్నారు. వాళ్ళని విడదీసి తిరిగేసరికి ఆమె గేటు దాటిపోయింది. పిలిస్తే వినపడేంత దూరమే. పిలవలేదు. ఆ కొద్ది దూరానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

పావుగంటకి ఒక ట్రాక్టరతను గేటు దగ్గర ఆగి కేకేశాడు. "మీ వంటామె తూము కాడ పడిపోయింది!"

పరిగెత్తాను. చెప్పులు మట్టిలో కూరుకుపోతే వదిలేసి వట్టికాళ్ళతో పరిగెత్తాను. తూము దాటాక దారి కిందికి దిగి సిమెంటు రోడ్డులో కలుస్తుంది. ఆ దిగుడులో సైకిలు పడి ఉంది. ముందు చక్రమంతా మట్టిముద్ద. ఆ మట్టిలో ఒక పత్తికట్టె అడ్డంగా ఇరుక్కుని, రేకుని మడిచి కడ్డీలతో సహా చక్రంలోకి లాగేసింది. దిగుడులో వేగం అందుకున్న చక్రం ఒక్కసారిగా ఆగిపోయి, ఆమె హ్యాండిల్ మీదుగా సిమెంటు మీదికి ఎగిరిపడింది. పడుతూ కుడిచెయ్యి ఆనించింది. మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగి ఉంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కూర్చుని, ఏడవకుండా, వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట చెబుతోంది.

"నాకేం కాలా. ఎవురన్నా పోయి ఆ మేక సంగతి చూడండి."

మేక క్షేమంగా రెండు పిల్లల్ని వేసింది. ఆమెని మాత్రం ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. సిమెంటు కట్టు వేశారు.

వాళ్ళాయన మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. కనుబొమల మీద కూడా తెల్లటి రాతిపొడి. పెళ్ళాం కట్టు మీద మెల్లగా చెయ్యి వేసి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. వచ్చే దారిలో తూము దగ్గర ఊళ్ళోవాళ్ళు అతనికి సైకిలు చూపించారట.

"ఆ రేకు ఎవుడు బిగిచ్చాడు టీచరమ్మా?"

"నరసరావుపేటలో బిగించారు" అన్నాను.

"ఏ షాపులో?"

చెప్పాను. ఊరు దాటే మలుపులో అని.

నేను అబద్ధం చెప్పలేదు. అందులో ప్రతి మాటా నిజమే. ఆ తర్వాత చెప్పాల్సిన ఇంకొక్క మాట ఉంది. అది చెప్పకుండా గ్లాసులో నీళ్ళు పోసి అతనికి అందించాను.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆటోలో బడికి వెళ్తున్నాను. మలుపు దగ్గర జనం గుమిగూడి ఉంటే ఆటో నెమ్మదించింది. షాపు ముందు వంటక్క భర్తా, అతనితో ఇంకో ఇద్దరూ. చెక్కపెట్టె రోడ్డు మీద తిరగబడి ఉంది. పానాలు, మరలు దుమ్ములో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వంకర తిరిగిన నా ఎర్ర రేకు అతని చేతిలో ఉంది.

"ఒరేయ్ ముసిలోడా, చేతగాకపోతే మూసుకోని కూచో! ఆడమనిషి చెయ్యి ఇరగ్గొట్టావు గదరా!"

అని ఆ రేకుని ఆయన కాళ్ళ ముందు విసిరికొట్టాడు. చెయ్యి ఎత్తాడు కూడా. పక్కవాళ్ళు పట్టుకున్నారు. బాబాయ్ వంగి రేకుని తీసుకుని తిప్పి చూశాడు. ఏదో అన్నాడు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. తర్వాత తలెత్తి రోడ్డు వైపు చూశాడు.

నేను ఆటోలో ముగ్గురు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. "ఆపు" అంటే చాలు, ఆటో ఆగుతుంది. డ్రైవరు హారను కొట్టి దారి చేసుకున్నాడు. పక్కనున్నావిడ, "ఏందంట గొడవ?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇది మాత్రం అబద్ధమే.

ఆ రోజు నుంచి పది రోజులు షాపు మూసే ఉంది.

ఇంట్లో మా ఆయనతో చెప్పాను. అంతా విని, "నువ్వు కావాలని చేశావా ఏంది? ఇప్పుడు చెప్తే ఆవిడ చెయ్యి అతుక్కుంటదా? ఊరుకో" అన్నాడు. నాకు కావాల్సిన మాట అదే. దాన్ని పట్టుకుని నెలకు పైగా వేలాడాను. షాపు కనపడకుండా ఉండేందుకు ఆటోలో రెండో పక్క కూర్చునేదాన్ని. వంటక్క ఇంటికి వారం వారం పళ్ళు, హార్లిక్సు పట్టుకెళ్ళేదాన్ని. ఆమె మంచం మీద చోటు చూపించి కూర్చోబెట్టేది. మేకపిల్లని నా ఒళ్ళో పెట్టేది.

"మీరెందుకు టీచరమ్మా ఇన్ని తెస్తారు? మీ తప్పేముంది. అడిగింది నేను. బిగిచ్చిన సచ్చినోడు సరిగ్గా బిగిచ్చలా, అంతే."

నేను మేకపిల్ల వీపు నిమిరేదాన్ని. మళ్ళీ వారం పళ్ళు కొనేదాన్ని.

కట్టు విప్పిన రోజున ఆమె బడికి వచ్చింది. ఆమె చోట వండుతున్న తోడికోడలు గంటె చేతికిచ్చింది. సాంబారు గుండిగలో గంటె పెట్టింది గానీ చెయ్యి తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గంటె జారి గుండిగలో పడిపోయింది. ఆమె నవ్వుతూనే, "చానా రోజులైందిగా, మొద్దుబారింది" అంది. తోడికోడలు చూడకుండా గోడవైపు తిరిగి, వేళ్ళు ఒక్కోటీ ముడిచి విప్పుకుంటూ నిలబడింది. కిటికీలోంచి చూశాను.

ఆ శనివారం బడి స్టోరు గదిలో పడి ఉన్న సైకిలు బయటికి తీశాను. ముందు చక్రం సొట్టపోయి ఉంది. ఎత్తి పట్టుకుని రోడ్డుదాకా తోసుకొచ్చి, ఆటో వెనక కట్టించుకుని షాపుకి తెచ్చాను. షాపు తెరిచే ఉంది. బాబాయ్ ట్యూబుకి అతుకు వేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"రండి టీచరమ్మా" అన్నాడు.

ఆయనకి నేను 'నువ్వు' నుంచి 'మీరు' అయ్యానన్నమాట. అక్కడే సగం చచ్చిపోయాను.

"బాబాయ్, ఆ రేకు నేను జరిపాను. మీరు చెప్పినా వినకుండా నేనే కిందికి దించాను."

"తెలుసు."

అతుకు మీద సుత్తితో నెమ్మదిగా నాలుగు దెబ్బలు వేశాడు.

"కడ్డీ మీద నేను బిగిచ్చిన కాడ మర కొరికిన గుర్తుంది. దానికి రెండు వేళ్ళ కింద ఇంకో గుర్తుంది. రేకు నా కాళ్ళ కాడ పడేసినప్పుడే చూశా."

"మరి అతనితో చెప్పలేదా?"

"చెప్పా. ఎవురిన్నారు?" ఇప్పుడు తలెత్తి నన్ను చూశాడు. "మీరు ఆటోలో కూచోని చూస్తానే ఉన్నారుగా."

ఆయన గొంతులో కోపం లేదు. కోపంగా అనుంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో. కళ్ళనీళ్ళు వస్తున్నాయి. ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చాల్సి వస్తుందని, అది మరీ అన్యాయమని, పళ్ళబిగువున ఆపుకున్నాను. తప్పయిందన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

"వాళ్ళ ఇంటో చెప్పారా?"

"లేదు."

"ముందు అక్కడ చెప్పి రండి. బండి ఈడనే ఉండనీయండి. ఎక్కడికీ పోదు."

అక్కడి నుంచే మళ్ళీ ఆటో ఎక్కాను. వాళ్ళింటికి వెళ్ళేసరికి ఇద్దరూ ఉన్నారు. అతను పంచలో గొడ్డలికి పిడి దిగ్గొడుతున్నాడు. ఆమె ఎడమచేత్తో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఈసారి నా చేతిలో పళ్ళు లేవు. కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే మొత్తం చెప్పాను. పానా తీసుకున్నది, సందు తగ్గించింది, తాళం ఇస్తూ చెప్పాలనుకుని మానేసింది, ఆసుపత్రిలో షాపు గుర్తు చెప్పింది, ఆటోలోంచి చూసింది.

అతను పని ఆపేశాడు. "అయితే ఆ పెద్దాయన చేసిందేం లేదా?"

"లేదు. నాకు వద్దనే చెప్పాడు."

"మరి ఆస్పత్రిలో అడిగితే..." అని ఆగిపోయాడు. ఇంకేదో అనబోయి, నేను వాళ్ళ పిల్లలకి పంతులమ్మనన్న సంగతి గుర్తొచ్చిందేమో, లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె చేటలోంచి చూపు తిప్పలేదు. ఇంకో రాయి ఏరి పక్కన పడేసి అంది.

"చెయ్యి ఇరిగిందంటే ఇరిగింది టీచరమ్మా. బురదలో ఎక్కి తొక్కింది నేనేగా. దానికి మిమ్మల్ని ఏమనను. కానీ ముసలాయన మీదికి నా మొగుడు చెయ్యెత్తాడు. నేను కూడా వారం వారం మీ ముందే కూచోని ఆయన్ని తిట్టా. మీరు వింటా కూచున్నారు. ఆ పాపం మా ఇంటికి తెచ్చి పెట్టారు గదమ్మా."

నిలబడే ఉన్నాను. చేట పక్కన పెట్టి ఆమే, "పొద్దుపోతంది, ఎల్లండి. ఆటోలు దొరకవు" అంది.

మర్నాడు అతను షాపుకి వెళ్ళాడట. ఈసారి ఒక్కడే వెళ్ళి, అందరూ చూస్తుండగా ఆయన చేతులు పట్టుకుని తప్పయింది పెద్దాయనా అన్నాడట. బాబాయ్ అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడట. ఇదంతా షాపు పక్క టీకొట్టు ఆవిడ చెబితే తెలిసింది.

నా సైకిలుకి కొత్త రిమ్ము, పుల్లలు వేసి, ఈసారి నన్నడక్కుండానే పాతకాలం ఇనప మడ్‌గార్డులు బిగించాడు. బరువే. తీసుకోవడానికి వెళ్ళిన రోజున ఒకసారి తొక్కి చూసుకోమన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. ఇప్పటికీ వారానికోసారి గాలి కొట్టించుకోవడానికి ఆగుతాను. పని శ్రద్ధగానే చేస్తాడు. నేను బాబాయ్ అంటాను, ఆయన టీచరమ్మా అంటాడు. చుట్టుపక్కల రైతుల ఆడపిల్లలు సైకిలు తెస్తే మాత్రం అమ్మాయ్ అని పిలిచి కబుర్లు చెప్పడం వింటాను.

వంటక్క చెయ్యి పూర్తిగా తిరగలేదు. గంటె తోడికోడలికి అప్పగించి, తను కూరగాయలు తరగడం, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టడం చేస్తోంది. నాతో మాట్లాడుతుంది. నవ్వుతుంది కూడా. వాళ్ళింటికి మాత్రం రమ్మని మళ్ళీ పిలవలేదు.

మొన్నామధ్య బళ్ళో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఒక పెద్దమనిషి లేచి నా గురించి, "తన తప్పు తనే ఒప్పుకున్న మనిషి, పిల్లలకి ఇట్టాంటి టీచరే కావాల" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వంటక్క వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేక బల్ల మీది రిజిస్టరు పేజీలు తిప్పాను. ఒప్పుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. అప్పుడైనా నా అంతట నేను వాళ్ళ గడప తొక్కలేదు, బాబాయ్ పంపితే వెళ్ళాను. పంపకుండా, సరేలే అని బండి చేతిలో పెట్టి ఉంటే ఏం చేసేదాన్నని చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళేదాన్నని గట్టిగా చెప్పలేను.